ఊరికే ఇచ్చే రొట్టె

"ఆస్పత్రిలో నాకంటూ ఎవరూ లేని రోజుల్లో దేవుడే ప్రతి మధ్యాహ్నం నాకు అన్నం పంపించాడు" అంటున్నాడు మా ఆయన మైకులో. ఆ మాటకి హాలంతా ఒక్కసారిగా స్తోత్రం అంది. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి షారోను మాత్రం మెడ తిప్పి నా మొహంలోకి చూస్తోంది. నేను తన వైపు చూడను. చూస్తే నవ్వొస్తుందో, ఏడుపొస్తుందో, రెండూ కాక లేచి వెళ్లి ఆ మైకు లాక్కుంటానో తెలియదు. దేవుడు పంపించాడట. ఏ దేవుడు పొద్దున్నే సొరకాయ చెక్కు తీసి, ముక్కలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి ఉడికించాడు? కిడ్నీలు పాడైన మనిషికి కూరగాయల్లోని సారం కూడా పడదని డాక్టరు చెబితే ఆ చీటీని వంటింటి గోడకి అంటించుకుని, నేను వంట చేసే హాస్టల్ పిల్లల కూరలు ఒక పొయ్యి మీద, ఈ ఉప్పూ కారం లేని ముక్కలు ఇంకో పొయ్యి మీద, ఏ దేవుడు కలిపాడు? క్యారియర్ మోసిన దేవుడు ఇక్కడే ఉంది, ఆడవాళ్ల వైపు మూడో వరసలో, తెల్లచీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని. కోపంలో కూడా నా నోటికి ఆయన అనే వస్తుంది, వాడు అని మనసులో ఒకసారి అనుకుని చూశాను, పలకలేదు.

కిటికీలు తెరిచినా గాలి లేదు. ఇది చర్చి కాదు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటరు మూడో అంతస్తు. వారమంతా ఇక్కడ జావా చెబుతారు, ఆదివారం పొద్దుటి పూట మా సంఘానికి అద్దెకిస్తారు, ఏసీ మాత్రం వెయ్యనివ్వరు. కుర్చీ చేతికి ఉన్న రాత పలక మీద కుర్రాళ్లు ఎవరెవరి పేర్లో చెక్కుకున్న చోట మేం బైబిళ్లు పెట్టుకుంటాం. పాస్టరుగారి వెనక తెల్లబోర్డు మీద నిన్నటి పాఠం సగం చెరిగి, సగం మిగిలి ఉంది. దాని ముందు బల్ల, బల్ల మీద నేను ఉతికి గంజి పెట్టిన గుడ్డ, గుడ్డ కింద నేను కాల్చిన రొట్టె, పక్కన నేను నల్లద్రాక్షలు ఉడికించి వడగట్టిన రసం. ఇవాళ నెల మొదటి ఆదివారం. ఇంకాసేపట్లో నన్ను నిలబడమంటారు.

మా సంఘంలో పద్ధతి అది. తప్పు చేసి సహవాసంలోంచి వెళ్లిపోయినవాళ్లు తిరిగొస్తే వెంటనే ప్రభువు బల్లలో, అంటే ఆ రొట్టె రసాల్లో, పాలుపంచుకోనివ్వరు. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ మనిషి అందరి ముందూ లేచి 'నేను క్షమించాను' అని నోటితో చెప్పాలి. అప్పుడే పాస్టరుగారు రొట్టె చేతికిస్తారు. అంతేకాదు, చెప్పాల్సినవాళ్లు చెప్పకుండా మనసులో పగ ఉంచుకుంటే వాళ్లూ ఆ రొట్టె ముట్టుకోకూడదు. అంటే నేను లేచి ఆ ఒక్క మాట అంటే ఈయన లోపలికి. అనకపోతే ఈయనతోపాటు నేనూ బయటికి. ఇన్నేళ్లూ ఒక్క నెల తప్పకుండా రొట్టె చేసినదాన్ని, ఒక్క నెల తప్పకుండా తిన్నదాన్ని.

ఈ సంగతి చెప్పడానికే మొన్న బుధవారం పాస్టరుగారు హాస్టల్‌కి వచ్చారు. పిల్లలు భోంచేసే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. మంచి మనిషే. షారోనుకి డెంగీ వచ్చినప్పుడు రక్తం కోసం రెండు రోజులు నిద్ర లేకుండా తిరిగింది ఆ పాస్టరుగారే. అందుకే ఆయన మీద కోపం రాకూడదనుకుంటాను, వస్తుంది. "కృప అంటే ఏంటమ్మా, అర్హత లేనివాడికి దొరికేది" అన్నారు. "మరి అర్హత ఉన్నవాళ్లకి ఏం దొరుకుతుందండీ?" అన్నాను. ఆయన నవ్వారు. "అర్హత ఉన్నవాళ్లంటూ ఎవరూ లేరమ్మా. అక్కడే మనమంతా సమానం." సమానం అంటే ఏమిటో అడుగుదామనుకున్నాను. ఆయన ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచారు, నేను ఆ గ్లాసు తీసుకెళ్లి కడిగాను.

"నేను పాపపు ఊబిలో పడిపోయాను సహోదరులారా" అంటున్నాడు ఈయన. గొంతు బాగుంది, ఎప్పుడూ బాగుండేది. పెళ్లయిన కొత్తలో రేపల్లెలో ఈయన పాట ఎత్తుకుంటే వెనక వరసల్లోని ముసలివాళ్లు కూడా లేచి నిలబడేవారు. ఈయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆరు నెలలు ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ఒకరోజు ఖమ్మంలో పని ఉందని వెళ్లాడు, పని కాదు, ఇంకో ఇల్లు. షారోనుకి అప్పుడు తొమ్మిదో తరగతి. ఊబి అంటున్నాడు, ఆవిడ పేరు చెప్పడం లేదు. ఆ ఊబి కూడా పొద్దున్నే లేచి ఈయనకి ఇడ్లీ పెట్టే ఉంటుంది, చొక్కాలు ఉతికే ఉంటుంది, కాళ్లు వాచిన కొత్తలో ఏ ఆర్‌ఎంపీ దగ్గరికో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే ఉంటుంది. చేసి చేసి విసిగి, ఇక నా వల్ల కాదని ఉంటుంది. ఈయన సాక్ష్యంలో ఆవిడ ఊబి. నేను సాక్ష్యంలో అసలు లేను.

ఈయన వెళ్లిన కొత్తలో శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండేదాన్ని. మంచినీళ్లు కూడా ముట్టకుండా హాస్టల్ పిల్లలకి పూరీలు వేయించేదాన్ని, నూనె వాసనకి కళ్లు తిరిగితే గట్టు పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన్ని తిరిగి పంపు ప్రభువా, తిరిగి పంపు. రాలేదు. మీ ప్రార్థనలో విశ్వాసం చాలడం లేదేమో సిస్టర్, అన్నారు ఆడవాళ్ల కూడికలో, చెయ్యి నిమురుతూనే అన్నారు. అలా ఎన్నేళ్లో గడిచాక ఒక శుక్రవారం ఆకలేసింది, తినేశాను, పిల్లలకి చేసిన పులిహోర గిన్నెడు తినేశాను, ఆ రోజు నుంచీ ఈయన కోసం ప్రార్థన మానేశాను. మానేసిన చాన్నాళ్లకి వచ్చాడు. ఏ ప్రార్థనా లేనప్పుడు వచ్చాడు కాబట్టి అంతా కృపేనట. రానప్పుడు లోపం నాది, వచ్చాక మహిమ దేవుడిది. మధ్యలో నా పేరు ఎక్కడా లేదు.

వచ్చాడని కూడా కాదు, పడి ఉన్నాడని కబురొచ్చింది. పంజాగుట్టలో ఆస్పత్రి నుంచి నర్సు షారోను మొబైల్‌కి ఫోన్ చేసింది. షారోను కాల్‌సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేసి వచ్చి అప్పుడే పడుకుంది. కళ్లు తెరవకుండానే ఫోను నా చేతికిచ్చి, "నీ మొగుడట. నేను రాను. నువ్వు వెళ్తే నాకు చెప్పకు" అని అటు తిరిగింది. నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఎవరైనా అడిగితే బాగుండును, నాకూ తెలిసేది. ప్రేమ కాదు. దేవుడి ఆజ్ఞ అని కూడా అనిపించలేదు. ఆకలితో ఉన్న మనిషికి పెట్టడం నా చేతులకి అలవాటైన పని, అంతే, కాళ్లు వాటంతటవే చెప్పుల్లోకి వెళ్లాయి. ఫ్లైఓవర్ కోసం పంజాగుట్ట దగ్గర రోడ్డంతా తవ్వి పోశారు, బస్సెక్కితే గంటసేపు అక్కడే. నడిస్తేనే నయం. చీరల షాపుల ముందు నుంచి, నగల షాపుల అద్దాల ముందు నుంచి, రేకుల అడ్డుగోడల పక్కన ఒక్క మనిషి పట్టే సందులోంచి, దుమ్ము పడకుండా క్యారియర్‌కి తువ్వాలు చుట్టి. వెళ్లేసరికి ఈయన మంచం మీద సగం అయిపోయి ఉన్నాడు. నన్ను చూసి కళ్లు దించుకున్నాడు. గిన్నె మూత తీసి పెట్టాను. ఒక ముద్ద తిన్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఈయన నాతో అన్న మొదటి మాట, "ఉప్పు లేదే."

ఆ వార్డులోనే ఒక బ్రదరు వచ్చి రోగులకి ప్రార్థన చేసేవాడు. ఒక మధ్యాహ్నం ఈయన మంచం పక్కన మోకరించాడు, ఈయన భోరున ఏడ్చాడు, పాత పాపాలన్నీ ఒప్పుకున్నాడు, ఆ క్షణంలో మనసులో ఒక వెలుగు నిండిందట. ఇప్పుడు ఆ వెలుగు గురించే చెబుతున్నాడు, చేతులు పైకెత్తి, డయాలసిస్ సూదులు గుచ్చిన చెయ్యి ఉబ్బి ఉంది. అబద్ధం అని నేను అనను. నిజంగానే నిండి ఉంటుంది. ఈయన రక్షణ పొందుతున్నప్పుడు నేను బయట వరండాలో కుళాయి దగ్గర క్యారియర్ కడుగుతున్నాను. తోమి, తుడిచి లోపలికి వచ్చేసరికి అయిపోయింది. ఆ బ్రదరు నన్ను చూసి "ప్రైజ్ ద లార్డ్ అమ్మా, మీవారు రక్షింపబడ్డారు" అన్నాడు. నేను తడిచేతులు కొంగుకి తుడుచుకుని, "డాక్టరుగారు వచ్చి వెళ్లారా?" అని అడిగాను.

కింద వీధిలో ఎవరో మైకు పట్టుకుని అరుస్తున్నారు, కొత్త బ్యాచ్, కొత్త బ్యాచ్, ఫ్రీ డెమో, మూడు రోజులు పూర్తిగా ఉచితం. ఆదివారం కూడా వదలరు. మా హాస్టల్ పిల్లలు ఊళ్ల నుంచి దిగిన వారం ఈ ప్రకటనల కాగితాలన్నీ పట్టుకుని ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి తిరుగుతారు, ఎక్కడ చూసినా మొదట ఉచితమే, మూడు రోజులు కూర్చోబెట్టి తియ్యగా చెబుతారు, నాలుగో రోజు ఫీజు కట్టి లోపలికి రమ్మంటారు. రక్షణ కూడా ఉచితమేనని మా అమ్మ ఒళ్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. ఉచితమే. ఈయనకి ఎప్పటికీ మొదటి రోజే. నాకు పుట్టినప్పటి నుంచీ నాలుగో రోజు.

మా హాస్టల్‌లో హైందవి అని కరీంనగర్ అమ్మాయి ఉండేది. ఏడాది పాటు రాత్రీ పగలూ చదివింది, ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినప్పుడల్లా స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. చివరికి ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బాతో వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, "మీ ప్రార్థన వల్లే ఆంటీ, అంతా మీ దేవుడి దయ" అంది. "నా ప్రార్థన కాదు, ఏం కాదు. చదివింది నువ్వు. నీ వల్లే వచ్చింది" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని ఏడాదంతా ఎదురుచూసినట్టు. అన్నందుకు దేవుడికి కోపం వచ్చి ఉంటుందా? వస్తే రానీ. ఒక మనిషి చేసిన పనిని ఆ మనిషి చేసిందని చెబితే తగ్గిపోయే దేవుడైతే నేనేం చెయ్యను.

ఇవాళ పొద్దున ఈ రొట్టె చేస్తుంటే మంగవ్వ ఇడ్లీ పాత్రలో నీళ్లు పోస్తూ నా వైపు చూస్తూనే ఉంది. మా హాస్టల్ వంటలో నాకు సాయం తనే, మాట దాచుకోదు. "ఏందమ్మా, గా మనిషికి సుత నువ్వే రొట్టె చేస్తున్నవా?"

"అందరికీ చేస్తున్నా మంగవ్వా. ప్రతి నెలా చేసేదేగా."

"అందరు వేరు, గాయన వేరు. మా ఇంటాయన గిట్ల పోయొస్తే చీపురు తిరగేస్తుంటి. మీ దేవుడు మస్తు మంచోడమ్మా, మొగోళ్లకు."

నవ్వేశాను. పిండి చేతులతో నోరు మూసుకుని నవ్వాను. నవ్వాక కోపం ఇంకా పెరిగింది. ఈస్ట్ వెయ్యకుండా, ఉప్పు వెయ్యకుండా, పలచగా ఒత్తి, ఈ ఒక్క పనికే ఉంచిన పెనం మీద సన్నని మంట పెట్టి కాల్చాను. కాలుతుంటే అనుకున్నాను, ఇది కూడా కృపేనంటారు ఇంకాసేపట్లో, ఆకాశం నుంచి దిగిందంటారు. గోధుమలు ఎవరో కోశారు, ఎవరో పిండి పట్టారు, నేను పిసికాను. బల్ల మీదికి వచ్చేసరికి అందరి చేతులూ మాయమైపోతాయి.

చిన్నప్పుడు సండే స్కూల్లో ఒక కథ చెప్పేవారు. ద్రాక్షతోటలో పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లకీ, పొద్దుగూకే వేళ వచ్చినవాళ్లకీ యజమాని ఒకే కూలి ఇచ్చాడట. ఎంత మంచివాడో అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ కథ వింటే నాకు పొద్దున్నే వచ్చినవాళ్ల అరచేతులే కనిపిస్తాయి. పోనీ, ఇవ్వనీ, యజమాని తోట, యజమాని ఇష్టం. కానీ ఆ కథలో కూడా పొద్దుటివాళ్లని లేచి నిలబడమని, ఆలస్యంగా వచ్చినవాళ్లని మేమే రమ్మన్నామని చెప్పమని, చెప్పకపోతే మీకూ కూలి లేదని ఎవరూ అనలేదు. ఆపాటి సిగ్గు యజమానికి ఉంది.

సాక్ష్యం అయిపోయింది. ఈయన ముందు వరసలో కుర్చీలో కూలబడి జేబురుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. అందరూ ఒక చరణం పాడారు. పాస్టరుగారు బల్ల మీది గుడ్డ తీసి, మడతపెట్టి, కళ్లద్దాలు సర్దుకుని నా వైపు చూశారు.

"సిస్టర్ హెప్సిబా గారూ, ఒకసారి లేచి నిలబడతారా అమ్మా."

"అమ్మా, అబద్ధం మాత్రం చెప్పకు" అంది షారోను, పెదవులు కదలకుండా.

లేచాను. రాత పలక తగిలి బైబిల్ కింద పడింది, ఎవరో తీసి కుర్చీలో పెట్టారు. అన్ని తెల్ల కొంగులూ నా వైపు తిరిగాయి. ఈయన తల ఎత్తి చూశాడు. ఆ మొహం చూస్తే జాలి వేస్తుంది, అదే నా కోపం, జాలి కూడా నా చేతే చేయిస్తారు. ఒక్క మాట, నేను క్షమించాను, ఎంతసేపు పడుతుంది, అని ఇటువైపు వాళ్లంతా ఊపిరి బిగబట్టి నన్ను తోస్తున్నట్టుంది. ఈయన్ని ఏం తెమ్మన్నారు? ఏమీ వద్దన్నారు. ఏడ్చాడు, చాలన్నారు. నన్ను మాత్రం క్షమాపణ వండి తెమ్మంటున్నారు, వేడివేడిగా, అందరికీ సరిపోయేంత. అది పని కాదా? ఈ చేతులు చేసిన అన్ని పనులకంటే పెద్ద పని కాదా?

"ఆస్పత్రికి అన్నం తెచ్చింది నేనండీ" అన్నాను.

వెనక ఎవరో అలవాటుగా స్తోత్రం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ఈయన తల దించుకుని "అవును" అన్నాడు, మైకు లేదు కాబట్టి ముందు రెండు వరసలకే వినిపించి ఉంటుంది. నాకు వినిపించింది.

"అవునమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లగా. "దేవుడు మీ చేతుల్ని వాడుకున్నాడు."

"చేతులు నావండీ."

ఆయన మడతపెట్టిన గుడ్డని బల్ల అంచుకి జరిపారు. "సహోదరుణ్ణి క్షమించారా అమ్మా?"

"లేదండీ."

ఎవరి కుర్చీయో కిర్రుమంది. ఈయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేను కూర్చుంటే అక్కడితో అయిపోయేది. పళ్లెం ఇద్దర్నీ దాటిపోయేది, ఇంటికెళ్లి మధ్యాహ్నం వంట మొదలుపెట్టేదాన్ని. కానీ కాళ్లు వంగలేదు. "ఆయనకి రొట్టె ఇవ్వండి. నాకు అభ్యంతరం లేదు. నాకూ ఇవ్వండి."

"మనసులో కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు కదమ్మా. ముందు దాన్ని వదిలేసి..."

"ఆయన్ని ముందు ఏం చేసి రమ్మన్నారండీ?" నా గొంతు పెద్దదైంది, హాస్టల్‌లో నీళ్లు వృథా చేసే పిల్లల మీద పెద్దదయ్యే గొంతు. "ఏమీ చెయ్యనక్కర్లేదు, ఉన్నవాడు ఉన్నట్టు రమ్మన్నారు. వచ్చారు. నేనూ ఉన్నదాన్ని ఉన్నట్టే వచ్చాను. నా దగ్గర ఇవాళ ఉన్నది కోపమే. కోపం పోగొట్టుకుని రమ్మంటే అది నాకు ఇంకో చాకిరీ. ఊరికే ఇచ్చేదైతే నాకూ ఊరికే ఇవ్వండి. కాదంటారా, ఆయన్ని కూడా ఆపండి."

కింద వీధిలో బస్సు హారను మోగుతూనే ఉంది. పాస్టరుగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. ఏదో వాక్యం ఎత్తబోయి ఆగారు. ఆ తర్వాత నా కళ్లలోకి చూడకుండా రొట్టె ఎత్తి, ప్రార్థన చేసి, విరిచారు. ముందు ఈయన దగ్గరికి వెళ్లారు. ఈయన చెయ్యి చాచాడు, ముక్క తీసుకుని నోట్లో పెట్టుకోకుండా నా వైపు తిరిగి చూస్తూ కూర్చున్నాడు. పళ్లెం మగవాళ్ల వైపు తిరిగింది, తర్వాత పాస్టరమ్మగారి చేతిలో ఆడవాళ్ల వైపు వచ్చింది. ఒక వరస. రెండు. మా వరస దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి భర్త మొహంలోకి చూసింది. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

షారోను లేచింది. ఆవిడ చేతిలోంచి పళ్లెం మెల్లగా అందుకుని నా ముందు పట్టుకుంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. చిన్న ముక్కలు పైన ఉన్నాయి, వాటిని పక్కకి తోసి పెద్ద ముక్క తీసుకున్నాను. నమిలాను. కోపం ఎక్కడికీ పోలేదు. దానితోపాటే మింగాను.